వాల్వు ట్యూబు ముక్క

వైర్ల మాస్టారి భార్యను పొట్టన పెట్టుకున్నవాడు అతని బావమరిది. ఇందులో వాదించుకోవడానికేమీ లేదు. పదకొండేళ్ళ కిందటే తేలిపోయింది. చుట్టాల్లో ఎవరూ దాన్ని మళ్ళీ కదపలేదు.

ఆ ఉదయం మాస్టారు ఎప్పటిలాగే ఒక కారు ముందు సీటు కింద తల దూర్చి ఉన్నాడు. మోకాళ్ళు సిమెంటు నేల మీద, పొట్ట తలుపు అంచు మీద, మెడ సీటు పట్టాల మధ్య. నోట్లో చిన్న టార్చిలైటు. అరవై రెండేళ్ళ ఒంటికి ఆ వంగడం పడటం లేదు. లేచేటప్పుడు ఒక చేత్తో తలుపు, రెండో చేత్తో నడుం పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోవాల్సి వస్తోంది. కుడి చూపుడువేలికి గోరు లేదు. ఎప్పుడో ఇంజను ఫ్యాను లాక్కుపోయింది. గోరు లేని ఆ వేలికే చూపు ఎక్కువ. సీటు కింద చీకట్లో పసుపుపచ్చ సాకెట్టు ఎక్కడుందో తడిమి పట్టేస్తుంది.

సీటుబెల్టు పెట్టుకోలేదని కారు మోత పెట్టేది ఆ సాకెట్టులోంచి వచ్చే రెండు వైర్ల వల్ల. దాన్ని ఊడదీసి, బొటనవేలంత వైరు ముక్కతో ఆ రెండు కొసలనూ కలిపేస్తే, బెల్టు పెట్టుకున్నారనే కారు అనుకుంటుంది. ఇక జన్మలో నోరెత్తదు.

ఈ పని చాలామంది చేస్తారు. అందరూ అతుకు మీద నల్లటేపు చుడతారు. ఎండకు జిగురు కారిపోయి ఏడాది తిరిగేసరికి టేపు ఊడి వేలాడుతుంది. మాస్టారు టేపు ముట్టడు. సైకిలు చక్రంలో గాలి నిలవడానికి వాల్వుకు తొడిగే సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి, దాన్ని అంగుళం ముక్కలుగా కోసి అతుకు వైరుకు తొడుగుతాడు. రెండు కొసలకూ తెల్లదారం బిగించి ముడి వేస్తాడు. పల్లెటూరి సైకిలు షాపులో పని నేర్చిన చెయ్యి అది. ఆ ముక్క చూస్తే చాలు, ఊళ్ళో ఏ మెకానిక్కయినా ఎవరి పనో చెప్పేస్తాడు. తీరిక దొరికినప్పుడల్లా వైరుతో సహా అలాంటి ముక్కలు చేసి, బల్ల మీద బిస్కట్ల డబ్బాలో పడేసి ఉంచుతాడు.

"అయిందా మాస్టారూ?" అన్నాడు టాక్సీ డ్రైవరు స్టూలు మీంచి. "పొద్దున్నించి రాత్రిదాకా టింగు టింగు టింగు. మా అత్తగారయినా మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆపుతుంది. ఇది అదీ లేదు."

హెడ్‌లైటు బల్బు మార్పించుకోవడానికి వచ్చిన నర్సు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. యాక్సిడెంటు వార్డులో పనిచేస్తుంది. రాత్రంతా డ్యూటీ చేసిన మొహం.

"మీ అత్తగారి నోరు కూడా మాస్టారి చేతే మూయించకపోయారా?" అంది.

"ఆవిడకి సాకెట్టు ఎక్కడుందో దొరకలేదమ్మా."

"నవ్వండి. నా దగ్గరికి వచ్చినప్పుడు నేనూ నవ్వుతా."

"అది కాదమ్మా. కారు కాలవలో పడితే బెల్టు ఊడక చచ్చిపోయాడట ఒకడు. ఊరంతా చెప్పుకున్నారు."

"ఆ ఒకణ్ణి నేను ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చూడలేదు. అద్దంలోంచి బయటపడ్డ వాళ్ళని మాత్రం వారానికి నలుగుర్ని చూస్తున్నా. మొహంలోంచి గాజుపెంకులు ఏరేది నేనే."

"నా ప్రాణం నా ఇష్టం."

"మీ పక్కన కూర్చునేవాడి ప్రాణం?"

డ్రైవరు జవాబు కోసం మాస్టారి వైపు చూశాడు. మాస్టారు టార్చి నోట్లోంచి తీసి చొక్కాకు తుడిచాడు. "బండి స్టార్ట్ చేసి చూసుకో," అన్నాడు.

డ్రైవరు తాళం తిప్పాడు. కారు కిమ్మనలేదు.

"ఎందుకండీ ఈ పాపపు పని?" అని నర్సు మాస్టారినే అడిగింది.

"అడుగుతారు, చేస్తా."

భార్య పోయాక కూడా అతను ఈ పని మానలేదు. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు. రబ్బరు ముక్క మానేసి టేపు వేసినా అడుగుతారు. అందుకని దినాలు అయిన మర్నాడే షాపు తెరిచి, డబ్బాలోంచి ఒక ముక్క తీసి, ఎవరిదో కారు సీటు కింద దూరాడు. పాపం పనిలో పడి దుఃఖం మరిచిపోతున్నాడన్నారు అందరూ.

పది గంటలకు కూతురు వచ్చింది. చిన్న తెల్ల కారు రోడ్డు మీదే ఆపి, బెల్టు విప్పుకుని దిగింది. ఆమె కారు సీటు కింద మాస్టారు ఎన్నడూ చెయ్యి పెట్టలేదు. అందులో మోత మోగుతుంది. డ్రైవరూ నర్సూ వెళ్ళేదాకా ఆమె స్టూలు పక్కన నిలబడింది.

"నాన్నా, మావయ్య ఆస్పత్రిలో ఉన్నాడు."

మాస్టారు స్క్రూలు ఏరుతున్నాడు.

"లివరంతా పాడైపోయిందట. ఇవాళో రేపో అంటున్నారు. ఆస్పత్రి వాళ్ళే మొన్న నాకు ఫోన్ చేశారు. ఆయనకి ఇంకెవరున్నారు చెప్పు, పెళ్ళా పెటాకులా. నేను వెళ్ళి చూశాను. నువ్వు తిడితే తిట్టు."

"తిట్టడానికేముంది. వెళ్ళావు, చూశావు."

"నిన్ను రమ్మంటున్నాడు. ఒక్కసారి వచ్చి, నీ తప్పు లేదురా అని ఒక్క మాట అనమంటున్నాడు. నా ముందు అనాలట. అంతే అడిగాడు. ఇంకేం వద్దన్నాడు."

మాస్టారు ఒక స్క్రూ వెలుతురుకు పట్టి మరలు అరిగాయేమో చూశాడు.

"ఒక్క మాటే కదా నాన్నా. అంత పెద్ద యాక్సిడెంటు కూడా కాదు, కుక్క అడ్డం వస్తే బ్రేకు వేశాడు. పదకొండేళ్ళు గడప తొక్కనివ్వలేదు. నా పెళ్ళికి పిలవలేదు. ఇంకా ఎంత కాలం?"

"ఈ వ్యాను సీట్లు బిగించి వస్తాలే. నువ్వు పద."

"నిజంగా వస్తావా?"

"వస్తానన్నానా లేదా."

ఆమె వెళ్ళిపోయింది. వ్యానుకు రెండు సీట్లు బిగించాలి. గంట పని. రెండూ బిగించాక మాస్టారు వెనక సీట్లు కూడా విప్పి పట్టాలకు గ్రీజు పెట్టాడు. ఎవరూ అడగలేదు.

జరిగిందేమిటంటే, బావమరిది మందుల షాపులకు సరుకు వేసేవాడు. అట్టపెట్టెలు ముందు సీట్లో పెట్టుకునేవాడు. ఆ బరువుకు మనిషి కూర్చున్నాడనుకుని కారు గోల పెట్టేది. "బావా, ఈ పెట్టెలకి బెల్టు కట్టమంటోంది నా బండి," అని నవ్వుతూ వచ్చాడు ఒకరోజు. టీ తాగేలోపు మాస్టారు ఆ గోల ఆపేశాడు. డబ్బాలోంచి తీసిన ఒక ముక్క. పావుగంట పని. "మనుషులెక్కేటప్పుడు చెప్పు, తీసేస్తా," అన్నాడు. ఇద్దరూ మరిచిపోయారు.

మూడు నెలలకు, అక్కను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని వచ్చాడు బావమరిది. ఆమె ఆ సీట్లోనే కూర్చుంది.

ఆమెకు కార్ల సంగతి ఏమీ తెలియదు. మొగుడు చెప్పింది ఒక్కటే తెలుసు. "బండి నోరు మూసుకుని ఉందంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టు," అని అతను ఇంట్లో పదిసార్లు అని ఉంటాడు. ఎవరి కారెక్కినా మోత మోగాకే ఆమె బెల్టు లాక్కునేది. ముందే పెట్టుకోమంటే, "అదే అరుస్తుందిగా, అదేమన్నా మీలాగా మూడంకె వేసుకుని పడుకునే రకమా," అనేది. ఆ రోజు కారెక్కి, ఒళ్ళో సంచీ పెట్టుకుని, మోత కోసం చూసింది. అది మోగలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంది.

మలుపులో కుక్క. బ్రేకు. స్తంభం. బెల్టు పెట్టుకున్న తమ్ముడికి భుజం కీలు తప్పింది. ఆమె అద్దంలోంచి వెళ్ళి కారు ముందు పడింది.

ఆస్పత్రి వరండాలో, భుజానికి కట్టుతో కూర్చున్న బావమరిదిని మాస్టారు అందరి ముందూ చెంప మీద కొట్టాడు. "నీ చేతుల్లో పెట్టి పంపితే శవాన్ని తెచ్చావు. బెల్టు పెట్టుకోమని ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు లేదూ?" అన్నాడు. బావమరిది నోరు తెరిచాడు. మాస్టారి కళ్ళలోకి చూశాడు. నోరు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఆ కారు ఉంచిన చోటికి వెళ్ళాడు. ఎవరూ చూడకుండా సీటు కింద చెయ్యి పెట్టాడు. గోరు లేని వేలికి సాకెట్టు తగిలింది. రబ్బరు ముక్క లేదు. వైర్లు కంపెనీ నుంచి వచ్చినట్టే బిగించి ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన ఇన్సూరెన్సు మనిషి అంతా చూసి, ఆమే బెల్టు పెట్టుకోలేదని రాసుకుపోయాడు.

ఒంటిచేత్తో ఆ ముక్క ఎవరు తీశారో మాస్టారికి అక్కడే తెలిసింది. చెంపదెబ్బ తిన్నవాడే అర్ధరాత్రి వచ్చి తీసి, తన దగ్గర పెట్టుకున్నాడు. ఎవరికీ చూపించలేదు. మాస్టారు క్షమించలేకపోయింది అదే. వాడు మాస్టారిని నలుగురిలో నిలబెట్టి నిజం చెప్పి ఉంటే, ఏదో ఒకరోజు మొహం చూడగలిగేవాడేమో. వాడు చెప్పలేదు. చెప్పకుండా పదకొండేళ్ళు ఆ ఊళ్ళోనే తిరిగాడు. తాగాడు. ఎక్కడైనా ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఒంటిగంటకు కూతురు ఫోన్ చేసింది. "బయల్దేరావా?"

"దగ్గరపడింది."

రెండింటికి మళ్ళీ చేసింది. "నాన్నా, తలుపు వైపే చూస్తున్నాడు."

"గ్రీజు చేతులు. కడుక్కుని వస్తా."

చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో రెండుసార్లు, మోచేతుల దాకా. తుడుచుకుని, చెప్పులు వేసుకున్నాడు. షట్టరు సగం దించాడు. ఇంతలో ఒకాయన కొత్త కారు తెచ్చి, "నిన్ననే కొన్నానండీ, ఈ గోల భరించలేకపోతున్నా," అన్నాడు. మాస్టారు షట్టరు మళ్ళీ ఎత్తాడు. చెప్పులు విప్పి సీటు కింద తల దూర్చాడు. ఆ పని అయ్యేలోగా ఫోన్ రెండుసార్లు మోగి ఊరుకుంది. తర్వాత మోగలేదు.

సాయంత్రం కూతురు వచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చినట్టుంది.

"మూడింటికి పోయాడు," అంది.

"ఊఁ."

"నువ్వు వస్తావని రెండున్నర దాకా చూశాడు. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు."

మాస్టారు బల్ల మీద పడిన వైరు తునకలు అరచేత్తో ఒక పక్కకు నెట్టాడు.

"ఇది నీకివ్వమన్నాడు." ఆమె మందులు కట్టే చిన్న కాగితం పొట్లం విప్పింది. "ఏంటి మావయ్యా ఇది అంటే, 'మీ నాన్నది, నా దగ్గర ఉండిపోయింది, ఇచ్చెయ్' అన్నాడు. ఇంకేం చెప్పలేదు."

పొట్లంలో ఉన్నదాన్ని ఆమె బల్ల మీద పెట్టింది. పక్కనే మూత లేని బిస్కట్ల డబ్బా ఉంది. ఆమె చూపు డబ్బా మీద ఆగింది. ఒక ముక్క తీసి మొదటిదాని పక్కన పెట్టింది. ఒకదాని రబ్బరు నల్లగా నిగనిగలాడుతోంది. రెండోదానిది బూడిదరంగుకు తిరిగి పగుళ్ళు తీసింది. అదే కొలత, అదే తెల్లదారం, అదే ముడి. చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి ఈ బల్ల దగ్గరే కూర్చునేది ఆమె. దారం కత్తిరించి ఇచ్చింది కూడా.

అప్పుడు అడిగింది. "మావయ్య కారులో మోత ఎవరు తీశారు నాన్నా?"

మాస్టారు ఆమె వైపు చూడలేదు.

"మీ అమ్మని చంపింది వాడు. వాడూ పోయాడు. అయిపోయింది. ఈ మాట ఇదే ఆఖరు. మళ్ళీ నువ్వు ఎత్తకూడదు, నేనెలాగూ ఎత్తను. ఎత్తేదానివయితే ఈ గడప తొక్కకు."

ఆమె కొత్త ముక్కను తీసి జాగ్రత్తగా డబ్బాలో వేసింది.

"తొక్కన్లే," అంది.

గట్టిగా అనలేదు. తలుపు విసురుగా వెయ్యలేదు. అద్దాలు దించి ఉన్న కారెక్కి తాళం తిప్పింది. మోత మొదలైంది. ఏడుస్తోందో, ఊరికే కూర్చుందో షాపులోంచి కనపడలేదు. మోత మాత్రం టింగు టింగుమని వీధంతా వినిపించింది. ఎదురింటివాళ్ళెవరో కిటికీలోంచి తొంగిచూశారు. మాస్టారు స్క్రూడ్రైవరు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చివరికి బెల్టు క్లిప్పు పడిన చప్పుడు, వెంటనే నిశ్శబ్దం. కారు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎవరడిగినా, ఎన్ని విధాల అడిగినా, ఆ సంగతి అతను మాట్లాడలేదు. కూతురు అడగడానికి రాలేదు.

బల్ల మీద పాత ముక్క అలాగే ఉంది, రబ్బరు పగిలి రాగి తీగ కొద్దిగా బయటికి కనిపిస్తూ. రెండు కొసల దారం ముళ్ళు మాత్రం ఏమాత్రం వదులు కాలేదు.