నిమోల్ మెడలోని గళ్ళ కండువా

నేను ఒక గళ్ళ కండువాను. మా కంబోడియాలో నన్ను క్రమా అంటారు. ఎండకు తలపాగా, ఏటి స్నానానికి చుట్టుబట్ట, చంటిదానికి ఉయ్యాల, అన్నీ నేనే. ఒక్క గుడ్డతో ఇన్ని పనులు జరుగుతుంటే మనుషులకు పెట్టెల నిండా బట్టలు ఎందుకో నాకు అర్థం కాదు.

మెకాంగ్ నది ఒడ్డున, కర్రల మీద నిలబడ్డ ఇంటి కింద, మగ్గంలో పుట్టాను. నేసినావిడ నన్ను తన కూతురు నిమోల్ మెడకు చుట్టి, "గొంతుకు గాలి తగలనీకు" అంది. నిమోల్ పెళ్ళిళ్ళలో పాడేది. రెండు తీగల వాయిద్యం వాయించే ఒక ముసలాయన ఆమెకు పాట నేర్పాడు. పాడే ముందు గురువును తలుచుకుని, చేతులు జోడించి నుదుటికి ఆనించుకోవాలి. లేకపోతే గొంతు పలకదని అక్కడి పాటగాళ్ళ నమ్మకం. ఆయన పోయాక కూడా నిమోల్ ఆ దండం మానలేదు.

రాజధాని నాంపెన్ రేడియోలో ఒకసారి పాడింది. ఇక ఆమెకు ఊపిరి సలపలేదు. పడవల్లో, నూడుల్స్ అంగళ్ళలో, మంగలి షాపుల్లో ఆమె రికార్డులే. ఆమె పాటనే కూనిరాగం తీస్తూ తొక్కుతున్న రిక్షావాడు ఆమెతోనే, "అమ్మా, కాస్త ఇటు జరగండి, బండి ఒరుగుతోంది" అనేవాడు. ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. మొహం తెలిసినవాళ్ళే తక్కువ.

తర్వాత నల్లబట్టల సైన్యం వచ్చి నగరాన్ని ఖాళీ చేయించింది. పాత పాటలు పాడినవాళ్ళను తీసుకుపోయారు. వాళ్ళు తిరిగి రాలేదు. నిమోల్ తన పేరు మోమ్ అనీ, వీధిలో అరటిపండు బజ్జీలు వేసేదాన్ననీ చెప్పింది. కాలువ తవ్వే గుంపులో వేశారు. అక్కడ బొంగురుగా మాట్లాడేది. దగ్గు వచ్చినా నన్ను నోటికి అడ్డం పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం గుంపు నాయకురాలు రుమ్ అందరినీ గట్టు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరే సైన్యం నేర్పిన కొత్త పాట పాడాలంది. నిమోల్ వంతు వచ్చింది. లేచి నిలబడింది. ఆమెకు తెలియకుండానే మట్టిచేతులు రెండూ జతకలిసి నుదుటిని తాకాయి.

"ఏయ్, కామ్రేడ్ మోమ్! ఎవరికే ఆ దండం? బజ్జీలు వేసేదానికి గురువెవరు?" అంది రుమ్.

నిమోల్ చేతులు దించి నా అంచు పట్టుకుంది. ముందు వరసలో కూర్చున్న యిన్ అనే ముసలామె తల ఎత్తింది.

"ఇంకెవరు? నేనే. పిండి జారుగా కలిపితే నూనె తాగేస్తుందే అని తిట్టి నేర్పించాను. ఆ దండం నాకు."

"నీ బజ్జీలు తిన్నవాళ్ళు బతికున్నారా అవ్వా?" అన్నారెవరో. గట్టంతా నవ్వింది. రుమ్ మాత్రం నవ్వలేదు.

"పాడు" అంది.

నిమోల్ పాడింది. శ్రుతి ఎక్కడుందో ఆమెకు తెలుసు. ప్రతిసారీ దాన్ని తప్పించుకుని పక్కన అడుగేసింది. ఆమె మెడ నరాలు బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఏ పాటకూ ఆమె అంత కష్టపడగా నేను చూడలేదు.

రుమ్ చెవులు మూసుకుంది. "చాలు తల్లీ, చాలు! కప్పలు నయం. కూర్చో."

కొన్నాళ్ళకు పని మధ్యలో జోరువాన పట్టుకుంది. అందరూ తలో దిక్కుకు పరుగెత్తారు. గట్టు వారన యిన్, నిమోల్ మాత్రమే మిగిలారు.

"నేనెప్పుడూ బజ్జీలు వెయ్యలేదే. మాది చేపల పని. ఇప్పుడు చెప్పు, ఎవరు నువ్వు?"

నిమోల్ నన్ను ఇద్దరి తలల మీదా కప్పింది. ముసలామె చెవి దగ్గర నోరు పెట్టి సన్నగా పాడింది. ఆ వాన చప్పుడులో పాట నన్ను దాటి బయటికి పోలేదు.

"ఓసి నీ దుంపతెగ, నువ్వా!" అంది యిన్. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

నల్లబట్టల వాళ్ళు పారిపోయిన రోజున నిమోల్ నన్ను విప్పి యిన్ తలకు చుట్టింది. తను నాంపెన్ దారి పట్టింది. యిన్, నేను ఏటివైపు నడిచాం. నగరంలో నిమోల్ రికార్డుల ముక్కలు కూడా మిగలలేదట. మళ్ళీ మొదటి నుంచి పాడుతోంది.

ఇప్పుడు నా గళ్ళు వెలిసిపోయాయి. యిన్ నాతో చేపల కత్తి తుడుచుకుంటుంది. నీచు వాసన కొడతాను, నాకేమీ చిన్నతనం లేదు. సాయంత్రం రేడియోలో నిమోల్ పేరు చెప్పగానే యిన్ నన్ను భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళుతుంది. అటూ ఇటూ చూస్తుంది. మెట్ల కింద కోళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఉన్నా ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా ఒకసారి చూసుకుని, లోపలికి వచ్చి, అప్పుడు రేడియో గట్టిగా పెడుతుంది.