కుడి భుజం వాంగ్మూలం

నా కుడి భుజానికి రాజకీయాలు లేవు. ఈ సంగతి ఒకే ఏడాదిలో రెండు ప్రభుత్వాలకు విన్నవించుకోవలసి వచ్చింది.

పద్దెనిమిదేళ్ళు నల్లబల్ల మీద రాసిన భుజం అది. ఆ వేసవిలో డాక్టరు చూసి, కీలు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుందనీ, పాత నొప్పి ముదిరి అది వాచిందనీ చెప్పారు. చెయ్యి రొమ్ము దాటి లేవదని కాగితం రాసిచ్చారు. నా భార్య మార్త దాన్ని బైబిల్లో దాచింది.

"బల్ల పైభాగం మీకెందుకు లెండి, పిల్లలు అంతవరకు ఎలాగూ చదవరు," అంటూ ఉప్పుమూటతో కాపడం పెట్టేది.

బడిలో నిజాం జెండాకు వందనం చేసేటప్పుడు నా చెయ్యి రొమ్ము దగ్గరే ఆగింది. గుమాస్తా సదాశివ అది ప్రభువుల పట్ల అవిధేయత అని పైకి రాశాడు. డాక్టరు కాగితం చూపి బయటపడ్డాను.

సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో రాజ్యం పోయింది. ఆరో రోజున టైఫాయిడ్‌తో మార్త పోయింది. రాజ్యం గురించి పత్రికలు రాశాయి. శవపెట్టెను భుజానికెత్తడానికి రెండు చేతులూ కావాలి. కనుక నేను వెనక నడిచాను.

అక్టోబరులో కొత్త జెండా, పాత భుజం. సదాశివ పాత ఫిర్యాదునే తిరిగి రాశాడు. ప్రభువుల చోట భారత ప్రభుత్వాన్ని పెట్టాడు. చేతిరాత బాగుంది. విచారణలో నా తప్పు లేదని తేలకపోతే నా ఉద్యోగం పోతుంది.

డ్రిల్లు మాస్టారు పీర్ మహమ్మద్‌ను కూడా పిలిచారు. పాత జెండాకు చెయ్యి మరీ నిటారుగా ఎత్తాడని ఆయన మీద ఆరోపణ.

కోటు లేకుండా అధికారి ముందుకు వెళ్ళకూడదు. తొడిగే మనిషి లేదు. విచారణ రోజు ఇంటికొచ్చిన పీర్ మహమ్మద్ ముందు ఎడమ చెయ్యి తొడిగి, తర్వాత కుడి చెయ్యి వెనక్కి తిప్పాడు. నా కళ్ళు చెమర్చాయి.

"ఏందీ సార్, గింత తక్లీఫా?"

"ముందు నొప్పి చెయ్యి తొడగాలి, పీర్ సాబ్. తర్వాత మంచిది."

"గిది ఎవరు జెప్పిన్రు?"

నేను మార్త బైబిలు వైపు చూశాను. ఆయన కోటు విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

"మీరు చెయ్యెత్తక పరేషాన్, నేను ఎత్తి పరేషాన్. ఇద్దరిని కలిపి ఒక్క మనిషిని జేస్తే సర్కారుకు మంచిగుంటుండె."

కొత్త అధికారి డాక్టరు కాగితం చదివారు.

"ఇది మే నెలది. అంటే యేసుదాసుగారూ, మీరు నిజాం జెండాకు కూడా వందనం చెయ్యలేదా?"

"చెయ్యలేదండి."

ఆయన ముఖం వెలిగింది. "ముందే చెప్పరేం? తిరస్కరించారని రాస్తాను. ఇది దేశభక్తి."

అందరికంటే ముందు సదాశివ తలూపాడు. నేనూ ఊపితే సరిపోయేది. కానీ పద్దెనిమిదేళ్ళు పిల్లల వ్యాసాల్లో తప్పు మాట కింద గీత గీసినవాణ్ణి.

"తిరస్కరించలేదండి. చెయ్యి లేవలేదు. పొర వాచింది."

"దేశభక్తి వద్దంటారా?"

"నా వాపు దేశభక్తి అయితే పక్కనున్న ఈ పీర్ సాబ్ ద్రోహి అవుతారు. ఈయన చేసిన తప్పల్లా భుజం బాగుండటమే."

అధికారి కలం అందుకున్నారు. నా పేరు ఎదుట 'భుజం అనారోగ్యం' అనీ, పీర్ మహమ్మద్ పేరు ఎదుట 'భుజం ఆరోగ్యం' అనీ రాసి, ఇద్దరినీ బడికి పొమ్మన్నారు. ప్రభుత్వాలు నిలబడేది ఇలాంటి వివరాల మీదే.

పీర్ మహమ్మద్ నాతో ఇంటిదాకా వచ్చాడు.

"కోటు ఇప్పాలె గద సార్. ముందు ఏ చెయ్యి?"

"విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు."

నొప్పి లేకుండా వచ్చింది. కోటు తగిలించడానికి ఆయన గోడంతా పైన వెతికాడు.

"మేకు గింత కిందికి కొట్టిన్రేంది?"

నా రొమ్ము ఎత్తున ఉన్న ఆ మేకును మార్త వేసవిలో కొట్టింది. చెబుదామనుకున్నాను. ఆయన మళ్ళీ అడగకుండా కోటు దానికే తగిలించాడు.