సుధామణి బయట చేరిన పండగ

పాపక్కకు కోడలి మీదున్న ప్రేమ అంతా ఇంతా కాదు. ఎవరింట్లోనైనా సీమంతమైతే "నువ్వు రావద్దులేమ్మా, ఎండలో నీకెందుకు తిప్పలు" అంటుంది. దేవుడికి పొంగలి పెట్టాలన్నా, దీపాల సామాను తోమాలన్నా మాత్రం సుధామణే కావాలి. ఇంటి కోడళ్లందరిలో నెలకు మూడు దినాలు బయట కూర్చునే పని లేనిది ఆమె ఒక్కతే మరి. వెనకాల గొడ్రాలన్న నోటితోనే, నలుగురి ముందర "మా సుధామణి ఎప్పుడూ శుద్ధమే" అని చెప్పుకుంటుంది. నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది!

సుధామణికి మెడ దగ్గర గడ్డలు లేచి క్యాన్సరని తేలేనాటికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మందులెక్కిస్తే అండాశయాలు ఎండిపోవచ్చునని బెంగళూరు డాక్టరమ్మ ముందే చెప్పింది. అందుకని ఒక అండాశయం తీసి, ముక్కలు చేసి, గడ్డకట్టించి దాచారు. క్యాన్సర్ పోయింది. దాంతోపాటు ముట్టూ పోయింది. ఇక భయం లేదని తేలాక, ఇన్నేళ్లకు ఆ ముక్కల్ని మళ్లీ ఆమె కడుపులోనే పెట్టి కుట్టారు. అవి బతికితే ముట్టు వస్తుంది, ముట్టు వస్తే బిడ్డ మీద ఆశ పెట్టుకోవచ్చు అంది డాక్టరమ్మ.

పాపక్క ముక్కు మీద వేలేసుకుంది. అంచెట్టిలో ఆవులు మేపి బతికిన మనిషి, ఆమెకు తెలియని వైద్యముంటుందా!

"ఎదకొచ్చిన సీమావుకు సూదేసే డాక్టరు కూడా పొగలొచ్చే డబ్బాలోనే తెస్తాడు. అది ఎద్దుది, సరే. ఈడ ఆవుది తీసి ఆవుకే పెట్టినారంట! ఇన్నేండ్ల చద్ది ముక్కకు పాణమొస్తాదా? ఉట్టికెక్కలేనమ్మ సర్గానికెక్కినట్టే ఉంది" అంది. ఆ ఊపులోనే గడువు కూడా పెట్టేసింది. "మారమ్మ పండగ దాకా చూస్తా. ఆమీట గురుబరపల్లి పిల్లను మునిరాజ్‌కు మాట్లాడతా."

సుధామణి మొగుడు మునిరాజ్ మూకండపల్లి కంపెనీలో సూపర్‌వైజరు. అక్కడ ఆయన గొంతు మిషన్ల చప్పుడును మించి వినబడుతుందట. ఇంట్లో తల్లి ఆయనకు రెండో పెళ్లి మాట ఎత్తితే రాగి ముద్ద మింగి, చేయి కడుక్కుని లేచాడు. అది చూసి సుధామణి తన ముద్దను పక్కకు నెట్టేసింది.

ఆనాటి నుంచి ఆమె బాత్రూంలోంచి వస్తే చాలు, తలుపు దగ్గర అత్త. "వచ్చెనా?" వీధిలో ఆడవాళ్లకూ అదే ధ్యాస. పాలవాడు వచ్చాడా అన్నంత తేలిగ్గా అడిగి పోయేవాళ్లు.

పండగ రానే వచ్చింది. అందరూ అంచెట్టి దగ్గరి సొంతూరికి పోయారు. పిండి దీపాల తట్ట ఇంటి కోడలు తల మీద పెట్టుకుని గుడికి నడవాలి. ఏ కోడలు? ఇంకెవరు, ఎప్పుడూ శుద్ధమైన కోడలే! గురుబరపల్లి పిల్ల తల్లి కూడా వచ్చింది, పండగ చూసిపోదామని పాపం.

తప్పెట్లు మోగుతున్నాయి. సగం దారిలో సుధామణికి పొత్తికడుపులో మెలిపెట్టింది. తొడ మీద తడి తగిలింది. మరిచేపోయిన నొప్పి అది, దానికి దండం పెట్టాలనిపించింది.

"అత్తా, వచ్చినాది" అంది.

"ఎవరొచ్చినారే?"

"ముట్టు."

పాపక్క ముఖం విప్పారింది. అంతలోనే కళ్లు తట్ట మీద పడ్డాయి. ముట్టయిన ఆడది అమ్మవారి దీపాలు మోసిందని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోగలరా? ఏడాది పొడుగునా ఊరందరికీ ఆచారాలు నేర్పే పాపక్క, కోడలి చెవిలో నోరు పెట్టింది.

"గమ్మునుండు. గుడి ఈడనే కదా, నడువు. అమ్మవారూ ఆడదే, ఏమీ అనుకోదులే."

ఆహా, ఎంత విశాల హృదయం! సుధామణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రాలేదని ఊరంతా చాటినవాళ్లు, వచ్చిందంటే గుట్టుగా దాచమంటారా? తట్ట దించి అత్త చేతుల్లో పెట్టింది. తప్పెట్ల కంటే గట్టిగా అరిచింది.

"నేను బయట చేరినా! అందరూ వినండమ్మా, నేను బయట చేరినా!"

తప్పెట్లు ఆగిపోయాయి. గురుబరపల్లి ఆమె కొంగు సర్దుకుని, కృష్ణగిరి బస్సు ఎప్పుడని పక్కావిడను అడిగింది. సుధామణి దారి పక్కన రాతి మీద కూలబడి, అంతమందిలోనూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత సంతోషమో ఆమెకే తెలుసు. మునిరాజ్ పరుగెత్తుకొచ్చి చేయి పట్టుకోబోయాడు.

"ముట్టుకోవద్దు మామా" అంది కళ్లు తుడుచుకుంటూ. "మూడు దినాలు నా దగ్గరికి ఎవురూ రావద్దు. నాలుగో దినం తలకు పోసుకొని వస్తా. మీ యమ్మ చూసిన పిల్ల సంగతి అబ్బుడు నోరు తెరిచి చెప్పు. నీతో ఉండేదా పోయేదా, అది విన్నాక నేను చెప్తా."