జీడి ఎడమ కన్ను

పొద్దున పాలు కాచి, పెంపుడు పిల్లి జీడి గిన్నెలో కాసిని పోసి, మిగిలినవాటితో కాఫీ కలుపుకుని, అరుంధతి దాని కంట్లోకి చూసేది. ఎడమ కంట్లో ఆమె భర్త కొండలరావు గారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవారు. పోయినేడు ఆయన పోయిన పదకొండో రోజు నుంచీ అంతే. తార్నాకలో ఆ వాటాల వాళ్ళందరికీ తెలుసు. పైవాటా నరహరి మెట్లు దిగుతూ వంగి, "నమస్తే సార్" అని మరీ ఆఫీసుకి పోయేవాడు.

ఈమధ్య ఆ కన్ను ముందుకు పొడుచుకొచ్చింది. కొండలరావు గారు కంట్లో నీటికాసులకి వేసుకున్న చుక్కలమందు బీరువాలో మిగిలుంటే, అరుంధతి మూడు వారాలు అదే వేసింది. తగ్గకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"గిది సార్ మందు గదమ్మా. పిల్లికెట్ల ఏసిన్రు?" అంది డాక్టర్ వనజ, సీసా మీద పేరు చూసి.

"ఆయన అందులోనే ఉన్నారుగా."

"ఉన్నరు సరే. కన్నయితే పిల్లిదే కదా!"

ఇక్కడొక సంగతి తెలుసుకోవాలి. కనుగుడ్డే పెద్దదవడం వేరు, వెనక ఏదో చేరి గుడ్డును ముందుకు నెట్టడం వేరు. రెండింట్లో ఏదన్నది తేల్చడానికి మూసిన రెప్పల మీద బొటనవేళ్ళతో మెల్లగా నొక్కి చూస్తారు. మంచి కన్ను కాస్త లోపలికి పోతుంది. జీడి కుడి కన్ను అలాగే లోపలికి పోయింది, ఎడమది కదల్లేదు. తర్వాత నోరు తెరిపిస్తారు. వెనక చీము పట్టి ఉంటే పిల్లి నొప్పికి అరుస్తుంది. జీడి ఆవలించినట్టు తెరిచింది.

"అరిస్తే బాగుండు," అంది వనజ.

స్కానింగు తీశారు. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. నాలుగో రోజున క్యాన్సర్ గడ్డ అని తేలింది.

"కన్ను తీసెయ్యాలమ్మా. లేకుంటే లోపటికి పాకుతది, పిల్లి దక్కదు."

"మరి ఆయన?"

పిల్లిని పట్టుకున్న కాంపౌండరు సామేలు, "కుడికంట్లకు జరగమని చెప్పున్రి సార్‌కు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అరుంధతికి ఏమీ అనిపించలేదు. ఏడాదిగా ఏదీ అనిపించడం లేదు. రేపు చెప్తానని మూడుసార్లు వెళ్ళిపోయింది. నాలుగోసారి వచ్చేసరికి జీడి తిండి మానేసింది. వనజ కంట్లోకి లైటు వేసి, "మీరే చూడున్రి," అంటూ పక్కకు జరిగింది.

కొండలరావు గారు పేపరు మడిచి, లేచి నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఒకసారి ఇటు చూశారు. తల ఊపి, వెలుగు పడని వైపుకి నడిచి వెళ్ళిపోయారు. కుర్చీ మిగిలింది.

"పోయిన్రా అమ్మా?" అన్నాడు సామేలు.

"వెళ్ళారు," అని అరుంధతి ఆపరేషన్ కాగితం మీద సంతకం చేసింది.

సాయంత్రం ఆరింటికి వచ్చి పిల్లిని తీసుకెళ్ళమన్నారు. అప్పటిదాకా ఎక్కడ ఉండాలో తోచక దగ్గర్లోని యూనివర్సిటీలోకి నడిచింది. క్యాంటీన్ దగ్గర సాంబారిడ్లీ తీసుకుని, నిలబడే ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

నాలుక చుర్రుమంది.

"అబ్బా!" అంది పైకే.

పక్కనున్న అమ్మాయి, "మస్తు వేడుంటది ఆంటీ, ఊదుకొని తినున్రి," అంటూ నీళ్ళ గ్లాసు జరిపింది.

అరుంధతి నీళ్ళు తాగలేదు. మండుతున్న నాలుకని పళ్ళకి ఆనించి, ఆ మంటని కాసేపు అలాగే ఉండనిచ్చింది.