సాయన్న రెండు చావులు

గద్వాల బజార్లో తీసిన ఒక రౌడీల సినిమా వనపర్తిలో మూడు రోజులాడింది. నాలుగో రోజు నుంచి అందులో సాయన్న చిన్న రౌడీ వేషం కట్టాడంటే నమ్మినోడు లేడు. పెండ్లాం తిమ్మమ్మే, "నువ్వు తుపాకి పట్టినవా? బల్లిని కొట్టనీకె చేతగాదు" అనేది. ఇరవై ఏండ్లు ఆ మాట పడ్డాడు.

2006 ఎండాకాలంలో, అందులో వేషం కట్టినోడొకడు వనపర్తిలో ఉన్నాడని విని, సాయన్న ఇల్లు వెతుక్కుంటూ మహిపాల్ సారు ఆ సినిమా సీడీ పట్టుకొని వచ్చాడు. నాగర్‌కర్నూల్లో లెక్చరర్. ఎవరికీ పట్టని చవక రౌడీ సినిమాలు ఏరి దాచుకోవడం ఆయన పిచ్చి.

"గీ చెత్త ఏం చేసుకుంటవ్ సారూ?"

"పెద్ద సినిమాలు దాచేటోళ్లు మస్తుమంది అన్నా. వీటికెవరున్నరు? రెండు గ్యాంగులకు ఒకటే అంబాసిడర్. చచ్చినోడే అంగీ మార్చి మళ్ల వచ్చి చస్తడు. ఎనక సూడు, ఆనాటి గద్వాల బజారు. ఇప్పుడేడుంది?"

"మళ్ల వచ్చి చచ్చింది నేనే సారూ! తిమ్మమ్మా, జర ఇటు రా!"

తిమ్మమ్మ చేతిలో చాటతోనే వచ్చి కూర్చుంది. టీవీలో కారు ఆగింది. రౌడీలు దిగారు. తుపాకి పేలింది. చచ్చేటోడు కనబడకముందే బొమ్మ ఎగిరి పాట మీద పడింది. రెండో చావు దగ్గరా అంతే.

"ఏడున్నవ్?" అంది.

"ఎవడో కోసిండక్కా," అన్నాడు మహిపాల్. "దొరికిందే ఒక్క ప్రింటు. కోడేరు డేరా టాకీసులది."

అప్పట్లో ఆ డేరాలో సినిమా మిషన్ తిప్పింది సాయన్నే. రీలు తెగితే అతికేటప్పుడు ఒకటి రెండు ఫిలిం బొమ్మలు జేబులో వేసుకోవడం ఆపరేటర్లందరికీ అలవాటే. సాయన్న మాత్రం తనున్న బొమ్మలన్నీ కోసుకున్నాడు, ఊరికి చూపించుకోవాలని. ఎండకు పెట్టి చూపిస్తే గోరంత మనిషి. నవ్వారు. వేరే ప్రింట్లు బోలెడు ఉంటాయి కదా అనుకున్నాడు అప్పుడు.

"ఎవడో కాదు సారూ. నేనే."

అటక మీది బిస్కెట్ల డబ్బా దించాడు. మహిపాల్ అందులోని ఫిలిం ముక్కల్ని అంచులు పట్టుకొని మెల్లగా తీశాడు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. సంచిలోంచి భూతద్దం తీసి తిమ్మమ్మకిచ్చాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి శానాసేపు చూసింది.

"మీసం పెట్టుడుది. ముక్కు నీదే." మళ్లీ చూసింది. "తుపాకి గిట్లనా పట్టేది? సీపురు పట్టినట్టు!"

సాయన్న డబ్బా మూసి మహిపాల్ చేతిలో పెట్టాడు.

"ఉన్నకాడనే అతికియ్యి సారూ. రెండు చావులున్నయ్. ఒక్కటి గూడ పోనియ్యకు."