కుప్ప కింది కాళ్ళు

మా ఆయన ఆర్విల్ తన కాళ్ళ గురించి మాట్లాడినంత ముచ్చటగా నా గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. అవి కూడా ఫోటోలోని కాళ్ళు. రోజూ సోఫా మీద చాపుకునే కాళ్ళంటే ఆయనకూ అంత గౌరవం లేదు.

యాభై ఏళ్ళ కిందట వాళ్ళ బేస్‌బాల్ జట్టు ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆఖరి ఆటలో మా ఆయనకి ఆడే వంతే రాలేదు, బెంచీ దిగలేదు. పక్కన కూర్చున్న డెల్మర్ కూడా అంతే. గెలవగానే అందరూ మైదానంలోకి ఉరికి ఒకరి మీద ఒకరు పడ్డారు. మర్నాడు పేపర్లో వచ్చిన ఫోటోలో, ఆ మనుషుల కుప్ప కింద నుంచి ఎవరివో రెండు కాళ్ళు పొడుచుకొచ్చి ఉన్నాయి. నావంటే నావని అప్పట్నుంచీ ఇద్దరికీ తగువు. ఇద్దరి కీర్తీ ఆ రెండు కాళ్ళ మీదే నిలబడింది మరి.

ఇప్పుడు మా ఊరి ఫైర్ స్టేషన్ గోడ మీద ఆ ఫోటోని పెద్ద బొమ్మగా వేస్తున్నారు. కనబడే ప్రతివాడి పక్కనా పేరు రాస్తారట. బొమ్మ వేసే అమ్మాయి కోరిన్ ఫోటో పట్టుకుని మా ఇంటికొచ్చింది. వెనకే డెల్మర్.

"ఇద్దరూ ఫోటోలోలాగే గడ్డిలో బోర్లా పడుకోండి, తేల్చేస్తాను," అంది కోరిన్.

"వాడు పడుకుంటే మళ్ళీ లేవడమ్మా," అన్నాడు మా ఆయన.

"నువ్వు వంగితే చాలు, అంబులెన్స్ రావాలి," అన్నాడు డెల్మర్.

పడుకున్నారు. మా కుక్క ఇద్దర్నీ వాసన చూసి, తీర్పు చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఫోటోలో కుడి పాదం లోపలికి తిరిగి ఉంది. డెల్మర్ కుడి పాదమూ అంతే. మా ఆయన పాదాలు మాత్రం బాతు పాదాల్లా చెరో దిక్కు చూస్తున్నాయి. కోరిన్ నా వైపు చూసింది. నేను చేతిలోని ఐస్ టీ గ్లాసుల వైపు చూశాను.

"ఎవరూ మాట్లాడరేం?" అంటూ మా ఆయన మెడ తిప్పి డెల్మర్ పాదాలు చూశాడు. ఫోటో అడిగి తీసుకుని, దాన్నీ చూశాడు. మళ్ళీ తన పాదాలు చూసుకున్నాడు.

"ఆ తొక్కిసలాటలో నీ పాదమే అలా తిరిగిందేమోలేరా," అన్నాడు డెల్మర్, ఎన్నడూ లేనంత మెత్తగా. "ఒక కాలు నీది, ఒక కాలు నాది అని రాయిద్దాం."

మా ఆయన మోచేతుల మీద లేవబోయాడు. కుదరక గడ్డితోనే చెప్పాడు.

"వద్దురా. రెండూ నీవే. ఇన్నేళ్ళూ నేను చెప్పింది తప్పు. ఇంకోసారి అనను, అందరూ వినండి. ముందు నన్ను లేపండి."