పగటి నిద్రకో ఇల్లు

ఆమె నర్సు. పక్క నగరంలో పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది గానీ, మొదటి రెండేళ్ళూ రాత్రి డ్యూటీయే అన్నారు. ఇప్పుడున్న ఇంటి పక్కన తలుపులు చేసే షాపు ఉంది. ఎనిమిదేళ్ళు ఆ రంపం కోతలోనే పగళ్ళు దొర్లించి ఆమెకు విసుగెత్తిపోయింది. అందుకే కొత్త ఇంటికి గదులెన్ని, గాలొస్తుందా అని అడగదలుచుకోలేదు. పగలు చప్పుడుండకూడదు, అంతే.

ఆదివారం వెళ్తే అన్ని వీధులూ మంచివిగానే కనిపిస్తాయని, గురువారం, శుక్రవారం సెలవు పెట్టించింది మొగుడి చేత. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తెలిసినవాళ్ళ కారు అడిగి తెచ్చాడు. బయల్దేరే ముందు అతని అక్క ఫోన్ చేసింది. మీ బావకి ఆ ఊరు కొట్టిన పిండి, వెంట తీసుకెళ్ళండి అంది. ఆయన ఇరవై రెండేళ్ళ కిందట ట్రైనింగు కోసం అక్కడ ఆర్నెల్లున్నాడు, అదే ఆ పిండి. ఆవిడ రెండ్రోజులు ఇంట్లో ప్రశాంతంగా ఉందామని ఆయన్ని అంటగట్టిందని వాళ్ళకి ఊరు చేరకముందే అర్థమైంది.

నర్సు పద్ధతి ఒకటే. వీధిలో కారాపి, ఇంజను ఆపేసి, అద్దాలు దించి, సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటుంది. ఇరవై నిమిషాల్లో కునుకు పడితే ఆ వీధిలో ఇల్లు వెతకాలి. లేకపోతే పక్క వీధి.

మొదటి వీధికి చేరడానికే గంట పట్టింది. బావ ఎడమకి తిప్పమన్న చోట వంతెన లేచింది, కుడికి తిప్పమన్న చోట ఎదురుగా వాహనాలన్నీ వీళ్ళ మీదికే వస్తున్నాయి. ఇక్కడ ఇదివరకు తోట ఉండేదే, అని ఆయన నొచ్చుకున్నాడు, తోట తీసేసేముందు తనతో ఒక మాట చెప్పాల్సిందన్నట్టు. తోట ఉండాల్సిన చోట బడి ఉంది. పావుగంటకోసారి గంట కొట్టారు. రెండో వీధిలో ఇనప చువ్వలు దించారు. మూడో వీధి నిశ్శబ్దంగానే ఉంది గానీ, బావ ఉన్నాడుగా. ట్రైనింగులో తన గదిలో ఉన్నవాడి గురక గురించి చెప్పడం మొదలెట్టాడు. మాట్లాడొద్దని మొగుడు సైగ చేస్తే గొంతు తగ్గించి గుసగుసగా చెప్పాడు. అది చెవిలో జోరీగలా మరీ అన్యాయంగా ఉంది.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆరో పేట. నర్సుకి తల పగిలిపోతోంది. వెడల్పాటి వీధి, మనిషి అలికిడి లేదు. ఆమె కళ్ళు బరువెక్కాయి, చేతులు వదులయ్యాయి. సరిగ్గా అప్పుడు రెండు సీట్ల మధ్యలోంచి బావ తల ముందుకొచ్చింది.

"అమ్మాయ్, నిద్ర పట్టిందా?"

ఆమె కళ్ళు తెరవలేదు.

"అన్నయ్యగారూ, మీరు కాసేపు కిందికి దిగండి."

ఆయన దిగి, తలుపు మెల్లగా వేసి, సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. అప్పుడు గానీ ఆ వీధి అసలు చప్పుడు వినపడలేదు. వెనకెక్కడో జనరేటర్ ఆగకుండా కొట్టుకుంటోంది.

అరగంటైనా బావ రాలేదు. ఫోన్ చేస్తే వెనక సీట్లో మోగింది. ఇక సందు సందునా వెతకడం. నీ నిద్ర కోసం మా బావని పోగొట్టుకునేలా ఉన్నాం, అక్క నన్ను బతకనిస్తుందా అని మొగుడు స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. నేనేమన్నా వెళ్ళిపొమ్మన్నానా, దిగమన్నానంతే అని ఆమె కిటికీ వైపు తిరిగింది. పెద్దాయన్ని అలా అన్నందుకు లోపల పొడుస్తూనే ఉంది.

పాత లైబ్రరీ వెనక, అటు చివర గోడతో ముగిసిపోయే ఒక సందులో దొరికాడు. చెప్పులు కుట్టే షాపు ముందు బల్ల మీద, గడ్డం ఛాతీకి ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

"లేపకండి. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒరిగిపోయారు. అరగంటయింది," అన్నాడు చెప్పులు కుట్టే ఆయన.

లేపబోయిన మొగుడి చెయ్యి పట్టుకుని ఆపింది నర్సు. గడియారం చూసుకుని షాపు మెట్టు మీద కూర్చుంది. పాతిక నిమిషాలు. ఒక్క హారన్ లేదు. సందుకి అటు దారి లేదు కాబట్టి ఇక్కడ పనున్నవాడు తప్ప ఎవడూ రాడని చెప్పాడాయన. ఖాళీ ఇల్లేమైనా ఉందా అని గుసగుసగా అడిగింది. ఎదురుగా రెండో అంతస్తు చూపించాడు. మొగుడూ పెళ్ళాం పైకెళ్ళి చూశారు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోదిగా గిన్నె కూడా పట్టదు, స్నానాలగది తలుపు పడదు. తలుపు సంగతి నేను చూస్తానన్నాడు మొగుడు. సాయంత్రంలోగా ఇంటివాళ్ళతో మాట అయిపోయింది.

బావ లేచి, తను నిద్రపోలేదని, కళ్ళు మూసుకుని వీధిని గమనిస్తున్నానని అన్నాడు. తిరుగు దారిలో ఆమె, "నిన్నట్నించీ తలనొప్పి, అందుకే నోరు జారాను," అంది.

"నువ్వు దింపబట్టేగా నేనీ ఇల్లు కనిపెట్టింది," అన్నాడాయన, సీట్ల మధ్యకి జరిగి.

ఇల్లు మారి నెలయింది. ఆ సందులో పగలు ఆకు రాలినా వినపడేంత నిశ్శబ్దం. రోజూ పదకొండు గంటలకి మాత్రం నర్సు ఫోన్ మోగుతుంది. ఇల్లు చూసిపెట్టినవాడిగా నిద్ర బాగా పడుతోందో లేదో కనుక్కోవడం తన బాధ్యత అంటాడు బావ.